స్త్రీవేషం, బాలప్రేక్షకుడు, తల్లిదండ్రుల సందేహం: నెల్లూరు తీరం నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

పురుషులు స్త్రీవేషం ధరించి ఇచ్చే ప్రదర్శనలు చిన్నపిల్లలు చూడదగినవా, పిల్లలచేత ఆడించదగినవా అన్న విషయంలో తల్లిదండ్రుల మధ్య అభిప్రాయభేదాలు నేడు అనేక దేశాలలో వివాదాలుగా, చట్టాలుగా మారాయి. తెలుగునాట ఈ ప్రశ్నకు సుదీర్ఘ చరిత్ర ఉంది. తిక్కన కావ్యభూమి అయిన నెల్లూరు తీరం నుంచి మొదలుపెట్టి కూచిపూడి, తిరుపతి గంగజాతర, పందొమ్మిదో శతాబ్ది చివరి నాటక సమాజాలు, హైదరాబాదు సంస్థానపు 1329 ఫసలీ చట్టం మీదుగా ఆ చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు సమాజంలో పెద్దల అభ్యంతరం ప్రధానంగా సహవాసం, చదువు, కథలోని శృంగారం అనే మూడింటి మీద నిలిచిందనీ, వేషధారణనే బాలలకు ప్రమాదంగా చూపిన దృష్టి వలస పాలనాకాలపు చట్టభాష ద్వారా ప్రవేశించిందనీ ప్రతిపాదిస్తుంది. ప్రేక్షకుడైన బాలుని గురించిన చర్చలో వేదిక మీది బాలుడు మరుగున పడుతున్నాడని కూడా నిరూపించే ప్రయత్నం చేస్తుంది.

కీలక పదాలు: స్త్రీవేషం, బృహన్నల, భామాకలాపం, గంగజాతర, బాలనటులు, నాటక సమాజాలు, 1329 ఫసలీ చట్టం.

1. ఉపోద్ఘాతం

కొడవలూరు నెల్లూరు జిల్లాలో పెన్నకు ఉత్తరాన, కోవూరు దాటిన తరువాత వచ్చే మండల కేంద్రం. వరిచేల మధ్య ఉన్న ఈ ప్రాంతపు పల్లెలకు, కోస్తాలోని ఇతర పల్లెలకు వలెనే, తిరునాళ్ల సందర్భంలో తెల్లవార్లూ సాగే పౌరాణిక నాటకం చిరపరిచితం. చాపలు పరచుకొని కూర్చున్న ప్రేక్షకులలో ముసలివారి పక్కనే పసిపిల్లలు ఉంటారు. పిల్లలకు ఒక ప్రదర్శన, పెద్దలకు ఒక ప్రదర్శన అనే విభజన ఈ సంప్రదాయంలో లేదు. నిద్ర వచ్చిన పిల్లవాడు తల్లి ఒడిలో నిద్రపోతాడు, మెలకువ వచ్చినప్పుడు ఏ రంగం నడుస్తూ ఉంటే ఆ రంగం చూస్తాడు. ఒక తరం కిందటి వరకు ఆ రంగంలోని చంద్రమతి, ద్రౌపది, సత్యభామ చాలాచోట్ల చీర కట్టిన పురుషులే.

ఇటువంటి సమాజంలో పిల్లల విషయమై పెద్దలకు సందేహాలు లేవని అనుకోవడం పొరపాటు. సందేహాలు ఉన్నాయి. అయితే అవి దేని మీద అన్నది ప్రశ్న. దీనికి సమాధానం వెతకాలంటే ముందుగా మూడు విషయాలను విడదీయాలి. మొదటిది, స్త్రీవేషాన్ని పిల్లలు చూడడం. రెండవది, పిల్లలే ఆ వేషం ధరించడం. మూడవది, వేదిక దిగిన తరువాత కూడా స్త్రీగానే జీవించే వ్యక్తి పట్ల సమాజ వైఖరి. నేటి చర్చలో ఈ మూడూ కలిసిపోయాయి. చరిత్రలో ఇవి వేరువేరు దారుల్లో నడిచాయి.

2. విరాటుని ప్రశ్న

తండ్రి తన బిడ్డ కోసం స్త్రీవేషధారిని పరీక్షించిన ప్రసిద్ధ ఘట్టం తెలుగు సాహిత్యంలో నెల్లూరుకు చెందినదే కావడం విశేషం. 13వ శతాబ్దిలో మనుమసిద్ధి ఆస్థానకవిగా ఉన్న తిక్కన భారత రచనను విరాటపర్వంతో ప్రారంభించాడు. అజ్ఞాతవాసంలో అర్జునుడు బృహన్నలగా మత్స్యరాజు కొలువుకు వచ్చి, ఆ ఇంటి ఆడపిల్ల ఉత్తరకు నాట్యం నేర్పే పని కోరుతాడు. ఇక్కడ నిర్ణయం తీసుకోవలసినవాడు కేవలం రాజు కాడు, ఒక తండ్రి.

వ్యాసభారతం ప్రకారం విరాటుడు మొదట ఆ రూపాన్ని చూసి నమ్మలేకపోతాడు. ఈ దేహం విలుకానిది వలె ఉందని అంటాడు. తరువాత మంత్రులతో ఆలోచించి, స్త్రీలచేత పరీక్ష చేయించి, ఆపైన మాత్రమే కన్యాంతఃపురానికి పంపుతాడు. ఇందులో గమనించదగినవి రెండు అంశాలు. ఒకటి: విరాటునికి బృహన్నల కట్టిన బట్టలు, తొడిగిన గాజులు అభ్యంతరం కాలేదు. ఈ వ్యక్తి వల్ల నా బిడ్డకు హాని ఉంటుందా అన్నదే అతని ప్రశ్న. రెండు: ఆ ప్రశ్నకు సమాధానం అతడు వ్యక్తి నడవడిలో వెతకలేదు, దేహంలో వెతికాడు. ఈ రెండో అంశం తరువాతి కాలపు చట్టాలలో మళ్లీ కనిపిస్తుంది.

అదే ఇంట్లో తల్లి సందేహం వేరు. సుధేష్ణ సైరంధ్రిని చూసి, ఇంతటి అందగత్తెను ఇంట్లో ఉంచుకుంటే రాజు మనసు చలిస్తుందేమోనని జంకుతుంది. తండ్రి బృహన్నలను, తల్లి సైరంధ్రిని పరీక్షించారు. చివరకు ఆ ఇంటికి ముప్పు వచ్చింది ఈ ఇద్దరిలో ఎవరివల్లా కాదు, ఎవరూ పరీక్షించని స్వజనుడు కీచకుని వల్ల. ఆ ఇంటి బిడ్డ ఉత్తరకు మాత్రం బృహన్నల వల్ల విద్య అబ్బింది. ఆమె అన్న ఉత్తరుడు యుద్ధభూమిలో ప్రాణాలతో నిలవడానికి సైతం బృహన్నలే కారణం.

వానలు పడనప్పుడు ఊళ్లలో విరాటపర్వం చదివించే ఆచారం తెలుగునాట ఉంది. అంటే బృహన్నల కథ పండితులకే పరిమితం కాలేదు. ఊరందరితో పాటు పిల్లలు కూడా విన్న కథ అది. 1963లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ‘నర్తనశాల’లో ఎన్.టి.రామారావు బృహన్నలగా నటించినప్పుడు కుటుంబాలు పిల్లలతో సహా ఆ చిత్రాన్ని ఆదరించడానికి ఈ పూర్వపరిచయం కొంత దోహదం చేసిందని చెప్పవచ్చు.

3. విధిగా, మొక్కుగా స్త్రీవేషం

పిల్లలు చూడడం ఒక ఎత్తు, పిల్లలచేత వేషం వేయించడం మరొక ఎత్తు. ఈ రెండో విషయంలో తెలుగునాట రెండు బలమైన సంప్రదాయాలు కనిపిస్తాయి.

మొదటిది కూచిపూడి. భామాకలాప కర్తగా చెప్పే సిద్ధేంద్రయోగి, అగ్రహారంలోని ప్రతి పురుషుడు జీవితంలో ఒక్కసారైనా సత్యభామ పాత్ర ధరించాలని నియమం పెట్టినట్టు సంప్రదాయ కథనం. ఈ కథనపు చారిత్రకత ఎలా ఉన్నా, ఆ ఊరి కుటుంబాల ఆత్మగౌరవంలో దానికి ఉన్న స్థానం కాదనలేనిది. ఇక్కడ కొడుకు చేత స్త్రీవేషం వేయించడం తండ్రికి సిగ్గు కాదు, వంశధర్మం. అయితే ఆ శిక్షణకు ఒక క్రమం ఉంది. పసితనంలో ప్రహ్లాదుడి వంటి బాలపాత్రలు దక్కేవి. విరహోత్కంఠితయైన సత్యభామ అభినయం వయసూ సాధనా వచ్చిన తరువాతి మాట. ఏ వయసుకు ఏ రసం అన్న విచక్షణను ఈ సంప్రదాయం నిషేధంగా కాక శిక్షణలో మెట్లుగా అమర్చుకున్నది. ఆ మెట్లెక్కిన వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామగా, ఉషగా దేశమంతటా పేరు పొంది 1961లో సంగీత నాటక అకాడమీ పురస్కారాన్ని, 1970లో పద్మశ్రీని అందుకున్నాడు.

ఈ గౌరవానికి కులం అనే హద్దు ఉన్నదని మరువరాదు. హర్షిత మృత్తింటి కామత్ 2019లో ప్రచురించిన పరిశోధన గ్రంథంలో కూచిపూడి స్త్రీవేషధారణను బ్రాహ్మణ పురుషత్వ నిర్మాణంతో ముడిపెట్టి విశ్లేషించారు. అగ్రహారపు బాలుడు చీర కడితే సంప్రదాయం. అదే చీర మరొకరు వీధిలో కడితే హేళన. వేషం ఒకటే అయినా దానికి దక్కే విలువ, కట్టినవాని సామాజిక స్థానాన్ని బట్టి మారింది.

రెండవది తిరుపతి తాతయ్యగుంట గంగజాతర. నెల్లూరుకు దక్షిణాన పొరుగు ప్రాంతమైన తిరుపతిలో ఏటా వేసవిలో జరిగే ఈ జాతరలో పురుషులు మొక్కు తీర్చుకోవడానికి స్త్రీవేషం వేస్తారు. మొక్కుకున్న తల్లులు చిన్న కొడుకులకు లంగాకట్టి, పూలు ముడిచి అమ్మవారి దగ్గరకు తీసుకువెళ్తారు. స్త్రీలను చెరుస్తున్న పాలెగాణ్ణి వెతికి పట్టి సంహరించడానికి గంగమ్మ అనేక వేషాలు వేసిందన్నది జాతర వెనుక ఉన్న కథ. ఈ జాతరను దీర్ఘకాలం అధ్యయనం చేసిన జాయిస్ ఫ్లూకిగర్ 2013 నాటి గ్రంథంలో స్త్రీవేషం వేసిన పురుషుడు దేవత శక్తిని కొంతసేపైనా తనలో అనుభవించే తీరును వివరించారు. ఇక్కడ కులపు హద్దు కూచిపూడిలో ఉన్నంత బిగువుగా లేదు. వేషం వేయించే నిర్ణయం చాలావరకు తల్లిది. బిడ్డ ఆరోగ్యం కోసం మొక్కుకున్న తల్లికి ఆ వేషం బిడ్డకు ప్రమాదం కాదు, రక్ష.

4. చదువు, సహవాసం: నాటక సమాజాల కాలం

1880 తరువాత ఆధునిక నాటకం రావడంతో తల్లిదండ్రుల సందేహం కొత్త రూపం తీసుకున్నది. ఆ సంవత్సరం కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో తన ‘వ్యవహార ధర్మబోధిని’ని విద్యార్థులచేత ప్రదర్శింపజేశాడు. కులవృత్తిగా కాక చదువుకుంటున్న పిల్లలు వేదిక ఎక్కడం అప్పటికి కొత్త. నాటకాలలో స్త్రీపాత్రలు ఉన్నచోట వాటిని కూడా గొంతు సన్నగా ఉన్న కుర్రవాళ్లకే ఇచ్చేవారు. ఇంగ్లీషు చదువు మీద ఆశపెట్టుకున్న ఇళ్లలో నాటకం ఒక పోటీగా కనిపించింది. రాత్రి జాగరణ, పాఠాలు పోవడం, ఊరూరా తిరగడం, పెద్దవాళ్ల స్నేహాలు అలవడడం అనేవే ఇంటివాళ్ల ఫిర్యాదులు.

ఈ పరిస్థితికి నెల్లూరు జిల్లా నుంచే ఒక ఉదాహరణ ఉంది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేవరకు ఒంగోలు నెల్లూరు జిల్లాలో భాగం. 1872లో పుట్టిన టంగుటూరి ప్రకాశం బాల్యం అక్కడ గడిచింది. తండ్రి పోయాక తల్లి సుబ్బమ్మ పూటకూళ్ల ఇల్లు నడిపి కొడుకును చదివించింది. బడిలో ఉపాధ్యాయుడైన ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అతనికి చదువులో ఆధారమయ్యాడు, నాటకంలోకి కూడా తెచ్చాడు. ఆ రోజుల్లో ప్రకాశం స్త్రీపాత్రలు కూడా ధరించాడు. గురువు వెంట రాజమహేంద్రవరం చేరి, తరువాత న్యాయవాది అయ్యాడు, ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయ్యాడు. ‘నా జీవితయాత్ర’లో తన నాటక జీవితాన్ని ఆయన దాచుకోలేదు. ఒకే బాలుని విషయంలో చదువు మీద తల్లి పెట్టుకున్న ఆశ, నాటకం మీద గురువు పెంచిన ఆసక్తి పక్కపక్కనే నడిచాయి. ఆ కాలపు బాలుడు చీర కట్టినందువల్ల చెడలేదనడానికి ఇది ఒక్కటే నిదర్శనంగా చాలదు. కాని ఆనాటి మంచిచెడ్డల లెక్కలో చీరకు ఎంత తక్కువ స్థానం ఉన్నదో చూపడానికి చాలుతుంది.

నెల్లూరు పట్టణంలో వేదం వేంకటరాయశాస్త్రి 1899లో ఆంధ్రభాషాభిమాని సమాజాన్ని స్థాపించి, తన ‘ప్రతాపరుద్రీయం’ (1897) వంటి నాటకాల ప్రదర్శనకు పూనుకున్నాడు. ఇటువంటి సమాజాలలో వేషాలు వేసినవారు ఎక్కువగా చదువుకున్న ఉద్యోగులు, ఉపాధ్యాయులు, వకీళ్లు. నాటకాన్ని గౌరవప్రదం చేయాలన్నది వీరి ఆశయం. ఆ గౌరవానికి పురుషుడు ధరించిన స్త్రీవేషం అడ్డు కాలేదు సరికదా, ఆధారమయింది. ఇందుకు కారణం ఆనాటి సంస్కరణోద్యమంలో ఉంది.

భోగంమేళాలకు వ్యతిరేకంగా వీరేశలింగం వంటి సంస్కర్తలు చేసిన ప్రచారం వల్ల, వేదిక మీద నర్తించే స్త్రీ గృహస్థుల ఇంటికి, ముఖ్యంగా పిల్లల కళ్లకు తగదన్న అభిప్రాయం స్థిరపడింది. భామాకలాపాన్ని దేవదాసీ కళాకారిణులు కూడా ప్రదర్శించేవారు. వారి కళ క్రమంగా వేదికలు కోల్పోయింది. 1947 నాటి మద్రాసు దేవదాసీ చట్టంతో దేవదాసీ అంకితం నిషిద్ధమయింది. స్త్రీ తప్పుకున్న ఖాళీలో పురుషుని స్త్రీవేషం ‘కుటుంబం చూడదగిన’ ప్రత్యామ్నాయంగా నిలిచింది. 1900 ప్రాంతపు మధ్యతరగతి తండ్రికి వేదిక మీది అసలు స్త్రీ కంటే వేషధారి పురుషుడే తన పిల్లలకు సురక్షితం. నేటి వాదనలో ఈ క్రమం తలకిందులయింది. ఈ తలకిందులు ఎలా జరిగిందో తెలియకుండా నేటి సందేహాన్ని అర్థం చేసుకోవడం కష్టం.

5. స్త్రీవేషం అవసరం తీరిపోవడం

మార్పుకు మొదటి కారణం స్త్రీలు వేదిక ఎక్కడం. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి కుటుంబ నాటకసంస్థలో స్త్రీపాత్రలను కుటుంబంలోని స్త్రీలే ధరించడం ఆచారమయింది. పిల్లలు కూడా పుట్టిననాటి నుంచి వేదిక మీదే పెరిగారు. బళ్లారి రాఘవ (1880–1946) సహజాభినయం పేరిట స్త్రీపాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టి, చదువుకున్న ఇళ్ల స్త్రీలను రంగస్థలానికి తెచ్చాడు. ఆయన వాదం స్త్రీవేషం అనైతికమని కాదు, అది అసహజమని. అయినా తరువాతివారు ‘అసహజం’ అన్న మాటను కళావిమర్శ నుంచి తీసి నీతివిమర్శలో వాడుకోవడానికి దారి ఏర్పడింది.

ఇదే కాలంలో స్థానం నరసింహారావు (1902–1971) ప్రతిభ ఆ వాదాన్ని చాలాకాలం నిలువరించింది. బాపట్లలో పుట్టి, 1920 ప్రాంతంలో వేదిక ఎక్కి, తెనాలి రామవిలాససభ నాటకాలతో పేరు పొందిన ఆయన సత్యభామ, చిత్రాంగి, రోషనార, మధురవాణి పాత్రలు ధరించాడు. స్థానం కట్టిన చీర తీరును గృహిణులు శ్రద్ధగా గమనించేవారన్నది రంగస్థల చరిత్రలో తరచు వినిపించే మాట. 1956లో ఆయన పద్మశ్రీ అందుకున్నాడు.

రెండవ కారణం సినిమా. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్తప్రహ్లాద’లో లీలావతిగా సురభి కమలాబాయి నటించింది. తెరమీద మొదటి నుంచే స్త్రీపాత్ర స్త్రీదే కావడంతో, పురుషుని స్త్రీవేషం కథలో మారువేషానికో హాస్యానికో పరిమితమయింది. విజయవాడ కళాశాలలో విశ్వనాథ సత్యనారాయణ ఇచ్చిన నాగమ్మ పాత్రకు మీసం తీయనని పట్టుబట్టిన ఎన్.టి.రామారావుకు ‘మీసాల నాగమ్మ’ అన్న పేరు వచ్చిన సంగతి ప్రసిద్ధం. విద్యార్థి నాటకంలో స్త్రీపాత్ర ఇంకా సహజమైన పంపకమే. కాని ఆ పాత్ర ధరించే యువకునికి మాత్రం మీసం వదులుకోవడం బరువయింది. అదే నటుడు రెండు దశాబ్దాల తరువాత బృహన్నలగా మెప్పించాడు. అప్పటికి ఆ వేషం రోజువారీ రంగస్థల ధర్మం కాక, ఒక మహానటుని సాహసంగా మారింది.

కూచిపూడిలో కూడా ఇదే జరిగింది. వెంపటి చినసత్యం 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన తరువాత ఆ నాట్యం ప్రధానంగా బాలికలు నేర్చుకునే విద్యగా రూపొందింది. మధ్యతరగతి తల్లిదండ్రులు కూతురిని నాట్యానికి పంపడం గౌరవమయింది. కొడుకును పంపడానికి మాత్రం ఇంట్లో చర్చ అవసరమయింది. ఒకప్పుడు స్త్రీ నర్తించడం మీద ఉన్న సందేహం ఇప్పుడు పురుషుడు నర్తించడం మీదికి, అందులోనూ స్త్రీవేషం మీదికి బదిలీ అయింది.

6. చట్టం చూపిన స్త్రీవేషం

వేషాన్నే పిల్లలకు ప్రమాదంగా భావించే దృష్టి ఎక్కడిదన్న ప్రశ్నకు చట్టాల చరిత్ర ఒక సమాధానం ఇస్తుంది. 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం రాజద్రోహకరమైన, పరువుకు భంగం కలిగించే, చూసేవారిని చెడగొట్టగల ప్రదర్శనలను నిషేధించే అధికారం ప్రభుత్వానికి ఇచ్చింది. అందులో స్త్రీవేషం ప్రసక్తి లేదు, బాలప్రేక్షకుని ప్రసక్తి ప్రత్యేకంగా లేదు. ప్రభుత్వపు భయం రాజకీయ నాటకం మీద.

దీనికి అయిదేళ్ల ముందు వచ్చిన 1871 నాటి నేరజాతుల చట్టం రెండవ భాగం మాత్రం వేరే దారి తొక్కింది. నపుంసకులుగా నమోదైనవారు బహిరంగస్థలంలో స్త్రీవేషంతో కనిపించడాన్ని, ఆడిపాడడాన్ని, పదహారేళ్ల లోపు బాలుని తమవద్ద ఉంచుకోవడాన్ని శిక్షార్హం చేసింది. ఉత్తరాదిని దృష్టిలో ఉంచుకొని చేసిన ఈ నిబంధనల నమూనానే హైదరాబాదు సంస్థానం 1329 ఫసలీలో, అంటే 1919లో, స్వీకరించింది. ఆ చట్టం ప్రకారం నగరంలోని నపుంసకుల పేర్లతో పట్టిక ఉండాలి. వారు వీధిలో స్త్రీవస్త్రాలతోగాని ఆభరణాలతోగాని కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. వినోదప్రదర్శనలో పాల్గొన్నా అంతే. పదహారేళ్ల లోపు బాలుడు వారి అధీనంలో ఉంటే రెండేళ్ల వరకు జైలు విధించవచ్చు. ఎవరు నపుంసకులన్నది వైద్యపరీక్షతో తేల్చవచ్చు. విరాటుని ఇంట్లో ఒక తండ్రి చేయించిన దేహపరీక్ష ఇక్కడ రాజ్యాధికారమయింది. విరాటుడు పరీక్ష తరువాత బృహన్నలకు బిడ్డను అప్పగించాడు. ఈ చట్టం పరీక్ష తరువాత బిడ్డను దూరం చేసింది.

కాలక్రమాన్ని గమనిస్తే ఒక వైరుధ్యం స్పష్టమవుతుంది. కోస్తాలో స్థానం నరసింహారావు స్త్రీపాత్రధారిగా చప్పట్లు అందుకోవడం ప్రారంభించిన రోజులూ, హైదరాబాదు వీధిలో స్త్రీవేషం నేరమైన రోజులూ దాదాపు ఒకటే. మొదటివాడు తెర పడగానే పురుషుడై ఇంటికి వెళ్తాడన్న హామీ ఉన్నది. రెండవవారు ఇంటికి కూడా ఆ రూపంతోనే వెళ్తారు. సమాజం మెచ్చుకున్నది వేషాన్ని, శిక్షించింది జీవితాన్ని. బాలరక్షణ అన్న పదం ఆ శిక్షకు నైతిక సమర్థన ఇచ్చింది.

ఈ చట్టం స్వాతంత్ర్యానంతరం కూడా తెలంగాణ ప్రాంతంలో పుస్తకాలలో మిగిలిపోయింది. తమ లింగ అస్తిత్వాన్ని తామే నిర్ణయించుకునే హక్కు ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు ఉన్నదని సుప్రీంకోర్టు 2014లో ప్రకటించింది. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు 1329 ఫసలీ చట్టం రాజ్యాంగంలోని 14, 21 అధికరణలకు విరుద్ధమని కొట్టివేసింది. చట్టం పోవడానికి నూరేళ్లకు పైగా పట్టింది. అది నాటిన అనుమానం ఇంకా కొన్ని ఇళ్లలో మిగిలే ఉంది.

7. నేటి అభిప్రాయభేదాలు

అదే 2023 అమెరికాలో కూడా ఈ ప్రశ్నపై చట్టాలు చేసిన సంవత్సరం. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో డ్రాగ్ కళాకారులు పిల్లలకు కథలు చదివే కార్యక్రమం మొదలయింది. తరువాతి సంవత్సరాలలో దానిపై తల్లిదండ్రులు రెండుగా చీలారు. బిడ్డ ఏం చూడాలో నిర్ణయించే హక్కు మాది అని ఇరుపక్షాలూ ఒకే మాట అన్నాయి. ఒకరు తీసుకువెళ్లే హక్కు అన్నారు, ఒకరు ఎదురుపడకుండా ఉండే హక్కు అన్నారు. టెన్నెసీ రాష్ట్రం 2023 మార్చిలో చేసిన చట్టం ‘పురుష లేదా స్త్రీ వేషధారుల’ను వివస్త్రనర్తకులతో ఒకే వరసలో పేర్కొని, బాలలకు హానికరమైన ప్రదర్శనలను కట్టడి చేసింది. ఆ జూన్‌లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి అది రాజ్యాంగవిరుద్ధమన్నాడు. 2024 జులైలో అప్పీలు కోర్టు, దావా వేసినవారికి ఆ అర్హత లేదన్న కారణంతో ఆ తీర్పును తోసిపుచ్చింది. కూచిపూడి బడులూ తెలుగు సంఘాలూ ఉన్న అమెరికాలో, వేషధారి అన్న మాటను చట్టంలోకి ఎక్కించే ముందు భామాకలాపం ఏ వరసలోకి వస్తుందన్న ప్రశ్న తెలుగు తల్లిదండ్రులకు పరాయిది కాదు.

తెలుగునాట నేటి భేదాభిప్రాయానికి సందర్భం టెలివిజన్. హాస్య కార్యక్రమాలలో ‘లేడీ గెటప్’ ఒక స్థిరమైన పాత్ర అయింది. ఇంట్లో ఒకరు దానిని పిల్లలతో కలిసి నవ్వుకోదగిన వినోదంగా భావిస్తే, మరొకరు ఛానెల్ మార్చమంటారు. మార్చమనేవారి కారణాలను పరిశీలిస్తే అవి రెండు రకాలు. ద్వంద్వార్థపు సంభాషణలు పిల్లలు అప్పజెబుతున్నారన్నది ఒకటి. మగవాడు చీర కట్టడమే పిల్లలకు తప్పుడు పాఠమన్నది మరొకటి. మొదటిది కథావస్తువు మీది అభ్యంతరం. ఒక స్త్రీ అవే మాటలు పలికినా అది నిలుస్తుంది. రెండవది వేషం మీది అభ్యంతరం. అదే పాఠమైతే బృహన్నలను, తిరుమల బ్రహ్మోత్సవాలలో మోహినీ అవతారాన్ని, గంగజాతరలో లంగాకట్టిన పసివాణ్ణి కూడా పిల్లలకు దూరం చేయవలసి వస్తుంది. ఆ పని ఏ తల్లీ తండ్రీ కోరరు.

మూడో అభ్యంతరం ఒకటి ఉన్నది, కాని అది అరుదుగా వినిపిస్తుంది. ఆ గెటప్‌ను నవ్వులపాలు చేసే తీరు, స్త్రీలనూ ట్రాన్స్‌జెండర్ వ్యక్తులనూ హేళన చేయడం పిల్లలకు నేర్పుతుందన్నది ఆ అభ్యంతరం. స్థానం వేషంలో స్త్రీ నవ్వులాట వస్తువు కాదు. పిల్లవాడు ఏమి నేర్చుకుంటాడన్నది చీరను బట్టి కాక, ఆ చీర కట్టిన వ్యక్తిని కథ ఎలా చూస్తున్నదన్న దాన్ని బట్టి ఉంటుంది.

8. వేదిక మీది బాలుడు

ఈ మొత్తం చర్చలో బాలుడు ఎప్పుడూ ప్రేక్షకుడే. తెలుగు చరిత్రలో అతడు ఎక్కువగా నటుడు. అతని పక్షాన ప్రశ్న వేయడం ఆలస్యంగా మొదలయింది. పద్నాలుగేళ్ల లోపు పిల్లల పనిని నిషేధిస్తూ 2016లో సవరించిన బాలకార్మిక చట్టం దృశ్యశ్రవణ వినోదరంగంలోని బాలకళాకారులకు షరతులతో మినహాయింపు ఇచ్చింది. 2017 నియమాల ప్రకారం జిల్లా మేజిస్ట్రేటు అనుమతి తప్పనిసరి. రోజుకు అయిదు గంటలకు మించి, విరామం లేకుండా మూడు గంటలకు మించి పని చేయించరాదు. వరసగా 27 రోజులకు మించరాదు. ఆదాయంలో కనీసం 20 శాతం బిడ్డ పేర బ్యాంకులో దాచాలి. చదువు ఆగరాదు. ఈ నియమాలు ఎక్కడా పిల్లవాడు ఏ వేషం వేశాడని అడగవు. పిల్లవాడు నిద్రపోయాడా, బడికి వెళ్లాడా, అతని సొమ్ము అతనికి దక్కిందా అని అడుగుతాయి.

1880ల నాటి ఇళ్లలో తల్లిదండ్రులు వేసిన ప్రశ్నలు ఇవే కావడం గమనార్హం. వారి అభ్యంతరాలను ‘ఛాందసం’ అని కొట్టివేయడం చరిత్రకు న్యాయం కాదు. వారసత్వం పేరుతోనో మొక్కు పేరుతోనో పిల్లవాని ఇష్టాన్ని అడగకపోవడం కూడా పరిశీలించవలసిన విషయమే. కూచిపూడి బాలునికి సత్యభామ విధి. జాతర బాలునికి లంగా తల్లి మొక్కు. ఈ రెండు చోట్లా వేషం గౌరవప్రదమే అయినా, నిర్ణయం పెద్దలది. వేషాన్ని సమర్థించే తల్లిదండ్రులూ వ్యతిరేకించే తల్లిదండ్రులూ ఇద్దరూ పిల్లవాని మాట వినని సందర్భంలో ఒకే పక్షం.

9. ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల తేలిన విషయాలను ఇలా క్రోడీకరించవచ్చు.

1. స్త్రీవేషాన్ని పిల్లలు చూడడం తెలుగు ప్రదర్శన సంప్రదాయాలలో సహజం. విరాటపర్వం, భామాకలాపం, గంగజాతర అందుకు నిదర్శనాలు.

2. ఆధునిక నాటకం వచ్చిన తొలిదశలో తల్లిదండ్రుల అభ్యంతరం సహవాసం, చదువు, రాత్రి జాగరణ, శృంగారాంశం మీద నిలిచింది. భోగంమేళాల వ్యతిరేకోద్యమం కారణంగా ఆనాటి మధ్యతరగతికి వేదిక మీది స్త్రీ కంటే స్త్రీవేషధారి పురుషుడే కుటుంబానికి తగినవాడయ్యాడు.

3. స్త్రీలు రంగస్థలాన్నీ తెరనూ చేరిన తరువాత స్త్రీవేషపు అవసరం తీరింది. అవసరం తీరిన ఆచారం మీద అనుమానం సులభంగా నిలిచింది.

4. స్త్రీవేషాన్నీ బాలల భద్రతనూ ఒకే వాక్యంలో ముడిపెట్టినవి 1871, 1919 నాటి చట్టాలు. వాటి గురి వేదిక మీది నటుడు కాదు, వీధిలోని మనిషి.

5. బాలల శ్రేయస్సుకు సంబంధించిన నిజమైన ప్రశ్నలు వేషంలో లేవు. కథావస్తువులో, మాటల్లో, పనిగంటల్లో, చదువులో, పిల్లవాని సమ్మతిలో ఉన్నాయి.

విరాటుడు తండ్రిగా వేసిన ప్రశ్న నేటి తల్లిదండ్రులు కూడా వేయవలసినదే. ఈ వ్యక్తి చేతిలో నా బిడ్డ క్షేమమేనా అన్న ప్రశ్నకు కాలం చెల్లదు. అయితే బృహన్నల వేషాన్ని పరీక్షించిన ఆ ఇల్లు కీచకుణ్ణి పరీక్షించలేదన్న సంగతిని తిక్కన పాఠకులు గుర్తుంచుకోవలసి ఉంది.